ఓడిపోవడం నేర్చుకున్న రాకుమారుడు

అనగనగనగా ఒక రాజు. ఆ రాజుకు ముగ్గురు కొడుకులు. ఊఁ కొట్టండర్రా! ఊఁ కొట్టకపోతే కథ ఇక్కడే ఆపేసి ఈ చింతపండు గింజలన్నీ మీ చేతే తీయిస్తాను. ఆఁ, అదీ అలా.

ఆ రాజు పేరు మణిధరుడు. పెద్దకొడుకు జయధరుడు, రెండోవాడు బలధరుడు, మూడోవాడు కువలయుడు. రాజుకి కొడుకులంటే పంచప్రాణాలు. వాళ్ళ కంట్లో నీళ్ళు చూడలేడు. అందుకని ఒక శాసనం చేశాడు. రాకుమారుల్ని ఏ ఆటలోనూ ఎవరూ ఓడించకూడదట! చోద్యం కాకపోతే ఏమిటి చెప్పండి. ఆ కోటలో ఒక వస్తాదు ఉండేవాడు. కొండంత మనిషి. ఆయన ఉద్యోగం ఏమిటనుకున్నారు? రోజూ పొద్దున్నే వచ్చి, రాకుమారుడి చిటికెనవేలు తగలగానే "అమ్మో, చచ్చాన్రా నాయనో!" అని వెల్లకిలా పడిపోవడం. అంతే, ఇంకేం పని లేదు. ఇంకో భటుడు ఉండేవాడు. రాకుమారుడి బాణం గురి తప్పితే పరుగెత్తుకెళ్ళి గురిబొమ్మనే బాణం దగ్గరికి జరిపేవాడు. అలా పెరిగారు పెద్దవాళ్ళిద్దరూ. ఓటమి తీపో చేదో వాళ్ళకి తెలీనే తెలీదు.

మూడోవాడి సంగతి వేరు. వాడు పుట్టగానే రాణిగారికి జబ్బు చేసింది. పసివాణ్ణి గుర్రాలశాల చూసే ముసలాయన భార్య పోలమ్మకి అప్పగించారు. పోలమ్మకి శాసనం తెలీదు, గీసనం తెలీదు. పులిజూదానికి కూర్చుందంటే ఆరేళ్ళ పిల్లాడని కూడా చూసేది కాదు, మేకలన్నీ మింగేసేది. కువలయుడు బావురుమని ఏడ్చేవాడు. అయితే ఆవిడ ఇంట్లో ఒక ఆచారం ఉండేది. గెలిచినవాళ్ళు ఓడినవాళ్ళ నోట్లో తమ చేత్తో బెల్లంముక్క పెట్టాలి. పెట్టి, ఏ ఎత్తు దగ్గర తప్పారో చెప్పాలి. ఓడినవాళ్ళు తలెత్తి వినాలి.

"తలెత్తు చిన్నదొరా. నా మొహం చూడు. ఆ మూల మేకని అంత తొందరగా ఎందుకు కదిపావు? అక్కడ పోయింది నీ ఆట. కళ్ళు తుడుచుకుని బెల్లం నములు. ఇంకో ఆట వేద్దాం" అనేది పోలమ్మ.

అలా వాడు వెయ్యిసార్లు ఓడిపోయాడు. బోలెడంత బెల్లం తిన్నాడు. వెయ్యిన్నొకటోసారి గెలిచాడు. ఆ రోజు వాడు బెల్లం పెడుతుంటే పోలమ్మ మురిసిపోయింది చూడండీ, రాజ్యం వచ్చినంత సంబరపడింది.

ఇలా ఉండగా ఒకరోజు ఘోరం జరిగిపోయింది. రాజుగారికి కేతకి అని ఒక మేనకోడలు ఉంది. మంచి మాటకారి. పట్టపగలు పూలు కోసుకుంటుంటే గండకేతు అనే మాంత్రికుడు సుడిగాలిలా వచ్చి ఆ పిల్లని ఎత్తుకుపోయాడు. వాడుండేది ఏడు సముద్రాల అవతల ఒక దీవిలో. వాడి ప్రాణం ఒక చిలుకలో దాచుకున్నాడని అందరికీ తెలుసు. ఏ చిలుకలోనో మాత్రం ఎవరికీ తెలీదు.

"నేను పోయి మరదల్ని తెస్తాను, వెళ్ళగానే గెలుస్తాను" అని పెద్దవాడు ఏడు ఓడలతో బయల్దేరాడు. వెళ్ళినవాడు తిరిగి రాలేదు. "నేను పోయి ఇద్దర్నీ తెస్తాను, చిటికెలో గెలుస్తాను" అని రెండోవాడు ఏడు ఓడలతో బయల్దేరాడు. వాడూ తిరిగి రాలేదు. చివరికి ఒక ఓడవర్తకుడు వచ్చి గోడుగోడున ఏడుస్తూ చెప్పాడు.

"మహారాజా, ఆ దీవి ఒడ్డున మీ అబ్బాయిలిద్దరూ రాళ్ళై నిలబడి ఉన్నారు. అమావాస్యకి సముద్రం పొంగుతుంది. రాయి నీళ్ళలో తలదాకా మునిగిందంటే ఇక మనిషి కాదు, కలకాలం రాయే."

రాజు సింహాసనం మీంచి కింద కూలబడ్డాడు. అప్పుడు కువలయుడు వచ్చి దండం పెట్టాడు. "నాన్నగారూ, నన్ను వెళ్ళనివ్వండి."

"నువ్వా? వీరులే రాళ్ళైపోతే నువ్వేం చేస్తావురా? గుర్రాలశాలలో ఆ ముసలమ్మ చేతిలో రోజూ ఓడిపోతుంటావటగా!"

"అవునండీ. అందుకే నేను వెళ్తానంటున్నాను" అన్నాడు వాడు.

రాజుకి ఆ మాట అర్థం కాలేదు. కానీ ఇంకో కొడుకు లేడు కదా, కళ్ళు తుడుచుకుంటూ సరేనన్నాడు. ఓడలన్నీ పోయాయి. పోలమ్మ మూటలో నాలుగు అటుకులు, ఒక బెల్లం అచ్చు కట్టి ఇచ్చింది. కువలయుడు నడుచుకుంటూ సముద్రపు ఒడ్డుకి పోయాడు.

అక్కడ బండి చక్రమంత తాబేలు ఒకటి వెల్లకిలా పడి కాళ్ళు కొట్టుకుంటోంది. కువలయుడు రెండు చేతులతో తోశాడు, చేతులు జారిపోయాయి. కర్ర పెట్టి ఎత్తాడు, కర్ర విరిగిపోయింది. నడుం మీద చెయ్యి వేసుకుని కాసేపు ఆలోచించాడు. ఈసారి తాబేలు పక్కన ఇసక తవ్వాడు. గుంట లోతు కాగానే తాబేలు దబ్బున దొర్లి కాళ్ళ మీద నిలబడింది.

"బతికించావయ్యా! మీ అన్నలూ ఇటే పోయారు. ఒక్కసారి తోశారు. నేను కదలకపోయేసరికి, ఎవరైనా చూశారేమోనని చుట్టూ చూసుకుని చక్కాపోయారు. నువ్వు రెండుసార్లు తప్పినా పోలేదు. ఎక్కు నా వీపు మీద" అంది తాబేలు.

ఉప్పు సముద్రం దాటారు. చెరకురసం సముద్రం దాటారు. కల్లు సముద్రం దాటారు, అక్కడ ముక్కు మూసుకోమంది తాబేలు. నేతి సముద్రం దాటారు. పెరుగు సముద్రం దాటారు, అక్కడ వేలు ముంచి నాకవద్దని కసిరింది. పాల సముద్రం దాటారు. మంచినీళ్ళ సముద్రం కూడా దాటారు. దారిపొడుగునా కువలయుడు ఒకటే తలుచుకున్నాడు. "పోలమ్మ అవ్వా, నువ్వు నన్ను ఓడించి ఉండకపోతే ఆ మొదటి తోపుకే నేనూ వెళ్ళిపోయేవాణ్ణి. నీ రుణం ఎలా తీర్చుకోను?" అని పైకే అనుకున్నాడు.

దీవి వచ్చింది. ఒడ్డున వందలాది రాళ్ళు. అన్నీ తలలు దించుకున్న మనుషుల్లాగే ఉన్నాయి. ముందు వరసలో జయధరుడు, బలధరుడు. నీళ్ళు అప్పటికే వాళ్ళ పాదాల దగ్గర ఆడుతున్నాయి. అమావాస్య ఇంక మూడు రోజులే ఉంది. కువలయుడు రాళ్ళని కావలించుకుని "అన్నయ్యా! చిన్నన్నయ్యా!" అని గట్టిగా ఏడ్చాడు. ఏడవడా మరి, అన్నలు కదా!

అప్పుడు గండకేతు వచ్చాడు. తాడిచెట్టంత మనిషి. నెత్తి మీద గంపంత తలపాగా. పిడికిట్లో మంత్రభస్మం. వెనకాల గొలుసు కట్టిన కేతకి.

"ఇంకోడు వచ్చాడా! విను. నా తోటలో వెయ్యి చిలకలున్నాయి. నా ప్రాణమున్న చిలకని తెచ్చి చూపించు. రోజుకొకసారి, మూడు రోజులు. చూపిస్తే నువ్వడిగింది ఇస్తాను. ఓడిపోయి తల దించావో, నీ మెడ మీద ఈ భస్మం పడుతుంది, రాయైపోతావు" అన్నాడు.

మొదటిరోజు కువలయుడు తోటంతా వెతికాడు. నట్టనడుమ బంగారు పంజరంలో ముత్యాలు మెక్కుతున్న చిలుక కనబడింది. ఇదే అనుకుని తెచ్చాడు. మాంత్రికుడు పగలబడి నవ్వాడు. "కాదు! ఓడిపోయావు! మీ అన్నలిద్దరూ దీన్నే తెచ్చారు. తెచ్చి, కాదనగానే తలలు వేలేశారు. ఏదీ, నువ్వూ దించు తల!" అని పిడికిలి ఎత్తాడు.

 కువలయుడికి ఓడడం అలవాటైన పని కదా, తలెత్తి మాంత్రికుడి మొహంలోకి చూశాడు. "ఓడిపోయానయ్యా, ఒప్పుకుంటున్నాను. మా అవ్వ ఇంట్లో ఒక ఆచారం ఉంది. గెలిచినవారు ఓడినవాడి నోట్లో బెల్లం పెట్టి, ఎక్కడ తప్పాడో చెప్పాలి. చెప్పరూ?" అని బెల్లంముక్క చేతికిచ్చాడు.

మాంత్రికుడు తెల్లబోయాడు. వందేళ్ళుగా గెలుస్తున్నాడు. ఓడినవాళ్ళంతా రాళ్ళైపోతుంటే వాడి గొప్ప వినేవాడేడీ? కేతకిని ఎత్తుకొచ్చింది కూడా తనని పొగడ్డానికే. ఆ పిల్లేమో "ఇవాళేమీ అంత బాగా గెలవలేదు" అని రోజూ పెదవి విరిచేది. ఇన్నాళ్ళకి ఒకడు తనంతట తాను అడిగాడు! మాంత్రికుడి ఛాతీ రెండింతలైంది. బెల్లం పెట్టి చెప్పాడు.

"మెరుపు చూసి మోసపోయావోయ్! ప్రాణాన్ని మెరిసేచోట దాచుకుంటానా? అందరికీ కనబడేది నాకెందుకు?"

"దండమయ్యా, మంచిమాట చెప్పారు" అన్నాడు కువలయుడు. ఆ సాయంత్రానికి నీళ్ళు అన్నల మోకాళ్ళకి వచ్చాయి.

రెండోరోజు వాడు మెరుపుల జోలికి పోలేదు. ముళ్ళపొదలు వెతికాడు, పుట్టలు వెతికాడు. ఒక ముళ్ళచెట్టు తొర్రలో ఈకలు రాలిన ముసలి చిలుక కనబడింది. తొర్ర ముందు నాగుపాము కాపలా. ఇంత కాపలా ఉందంటే ఇదే అనుకున్నాడు. ఒళ్ళంతా ముళ్ళు గీరుకున్నా, పాము బుసకొట్టినా వెనక్కి తగ్గకుండా ఆ చిలుకని తెచ్చాడు.

"కాదు! మళ్ళీ ఓడిపోయావు!" అని మాంత్రికుడు ఈలవేసినట్టు నవ్వాడు.

రెండు రోజులుగా తిరిగి తిరిగి కువలయుడు అలిసిపోయాడు. ఉన్నచోటే కూలబడ్డాడు. అయినా తల మాత్రం పైకే ఉంచాడు. "ఎక్కడ తప్పానయ్యా?" అని బెల్లంముక్క అందించి నోరు తెరిచాడు.

మాంత్రికుడికి చెప్పాలని నోరు ఊరిపోతోంది. కానీ కిందకూర్చున్నవాడి నోట్లో బెల్లం పెట్టాలంటే వంగాలి కదా! వాడు వంగలేదు. "లేచి నిలబడు" అన్నాడు. "లేవలేనయ్యా" అన్నాడు కువలయుడు. "సరే, ఏయ్ పిల్లా, నువ్వు పెట్టు" అని కేతకి చేతికి బెల్లమిచ్చి తాను చెప్పాడు. "కాపలావాళ్ళని నేను నమ్మనోయ్. నా ప్రాణం నా దగ్గరే పెట్టుకుంటాను."

చెప్పి చక్కాపోయాడు. కువలయుడు బెల్లం నములుతూ కూర్చున్నాడు. "కేతకీ, వాడికి నడుం నొప్పా?"

"నడుం నొప్పి ఏమిటి బావా, మేడమెట్లు లేడిపిల్లలా ఎక్కుతాడు. తల మాత్రం ఎప్పుడూ వంచడు. తినేటప్పుడు పళ్ళెం నాచేత గొంతుదాకా ఎత్తి పట్టించుకుంటాడు. స్నానానికి కూడా తలపాగా తీయడు, మురికి పీనుగ!"

కువలయుడి కళ్ళు పెద్దవయ్యాయి. తలపాగా! ఓడినవాళ్ళంతా నేలకేసి చూశారు. ఆ తలపాగా వంక తిన్నగా చూసినవాడు ఒక్కడూ లేడు. తాను రెండు రోజులు చూశాడు. నవ్వినప్పుడల్లా అందులో ఏదో కదిలినట్టుంటే గాలికేమో అనుకున్నాడు. "అమ్మ నా తల్లీ, ఎంత మాట చెప్పావు!" అని కేతకికి రెండు చేతులూ జోడించాడు. ఆ పిల్ల సిగ్గుపడింది. సాయంత్రానికి నీళ్ళు అన్నల నడుముదాకా వచ్చాయి.

మూడోరోజు. మేడమెట్ల దిగువన తాబేలు కాళ్ళూ తలా లోపలికి లాక్కుని రాయిలా పడుకుంది. కిందికి చూడనివాడు తట్టుకుని పడాలి, అదీ వాళ్ళ ఉపాయం. గండకేతు మెట్లు దిగాడు. ఒక మెట్టు, రెండో మెట్టు, మూడో మెట్టు. వాడి అదృష్టం చూడండి, కాలు సరిగ్గా తాబేలు అవతల పడింది. తట్టుకోలేదు, తూలలేదు. దర్జాగా వచ్చి కువలయుడి ముందు నిలబడ్డాడు.

"ఏదీ చిలుక? చేతులు ఖాళీయేగా? మూడుసార్లూ అయిపోయాయి. దించు తల!"

ఎగిరి తలపాగా అందుకుందామా అంటే వాడు తాడిచెట్టంత ఎత్తు. నీళ్ళు అప్పటికే అన్నల గొంతు దగ్గర ఉన్నాయి. కువలయుడికి నాన్న కూలబడటం గుర్తొచ్చింది. కళ్ళు చీకట్లు కమ్మాయి. నిజం చెప్పొద్దూ, వాడి తల వాలడం మొదలెట్టింది. ఒక్క జానెడు వాలింది. మాంత్రికుడు పిడికిలి విప్పబోయాడు.

"బావా!" అని కేకేసింది కేతకి. "నీకింకా బెల్లం పెట్టలేదు!"

వాడు ఉలిక్కిపడి తలెత్తాడు. మాంత్రికుడి మొహంలోకి చూస్తూ అడిగాడు. "అయ్యా, మూడోసారీ ఓడిపోయాను. ఈసారి ఎక్కడ తప్పాను?"

అంతే! మాంత్రికుడి మొహం వెలిగిపోయింది. ఈ మూడు రోజుల్లో వాడు ఆ ప్రశ్నకి మరిగిపోయాడు. "అలా అడుగు! ఇది చాలా పెద్ద కథ. కాస్త విశాలంగా చెప్పాలి" అని రెండు చేతులూ బార్లా చాచి, ఉపన్యాసానికి చోటు కోసం ఒక అడుగు వెనక్కి వేశాడు. ఇంకో అడుగు వేశాడు. మూడో అడుగు పోయి పోయి తాబేలు మీద పడింది. దభీమని వెల్లకిలా పడ్డాడు!

తలపాగా ఊడి దొర్లింది. అందులోంచి గుమ్మడికాయంత చిలుక బయటపడింది. ఏళ్ళతరబడి కూర్చుని తిని బలిసిందేమో, ఎగరలేక గెంతుతోంది. కువలయుడు దాని మీద దూకాడు. అది జారిపోయింది, వాడి మూతి పగిలింది. లేచి మళ్ళీ దూకాడు, రెండు ఈకలు చేతికొచ్చాయి. మూడోసారి అది కేతకి వైపు గెంతింది. కేతకి పైటచెంగు విసిరి గబుక్కున మూటకట్టింది. "దొరికావే లావు చిలకమ్మా!" అంది.

గండకేతు గిజగిజలాడాడు. "చంపొద్దు, చంపొద్దు! ఏమడిగితే అది చేస్తాను!"

"ముందు మా అన్నలు" అన్నాడు కువలయుడు.

"రాయి గడ్డం పట్టుకుని తల పైకెత్తితే చాలు, ప్రాణం వస్తుంది. నేను ఎత్తాలి."

పరుగెత్తారు నీళ్ళలోకి. అప్పటికే అలలు అన్నల పెదాల మీదుగా పోతున్నాయి. మాంత్రికుడు జయధరుడి గడ్డం పట్టి ఎత్తాడు. రాయి దగ్గింది, తుమ్మింది, కళ్ళు తెరిచింది. బలధరుడి తల ఎత్తాడు, అతనూ కళ్ళు తెరిచాడు. ముగ్గురన్నదమ్ములూ గొంతులోతు నీళ్ళలో కావలించుకుని ఏడ్చారు. తర్వాత వెనక నీళ్ళందని మెరకలో మిగిలిన వందల రాళ్ళనీ లేపేసరికి మాంత్రికుడి చేతులు పడిపోయాయి. ఒడ్డున కూలబడి, జీవితంలో మొదటిసారి తల దించుకుని వెక్కివెక్కి ఏడ్చాడు.

కువలయుడు పక్కన కూర్చుని వాడి నోట్లో బెల్లంముక్క పెట్టాడు. "తలెత్తండి. మీరు రెండుసార్లు నా తప్పు చెప్పారు, మీకు రుణపడి ఉన్నాను. ఇప్పుడు మీ తప్పు నేను చెబుతాను, వినండి. ఓడినవాళ్ళనందర్నీ రాళ్ళు చేసుకున్నారు. మీతో రెండు మాటలాడేవాడు ఒక్కడూ మిగల్లేదు. అక్కడ పోయింది మీ ఆట."

మాంత్రికుడు బెల్లం నమిలాడు.  "తియ్యగా ఉంది" అన్నాడు చివరికి. పిడికిట్లో భస్మం సముద్రంలో కలిపేసి కేతకి గొలుసు తానే విప్పాడు. "చిలుక మాత్రం నా దగ్గరే ఉంటుంది. మీ బుద్ధి మారలేదని తెలిసిందో, దీనికి తిండి తగ్గించేస్తాను" అంది కేతకి. అంత జాగ్రత్త ఉండాలి మరి!

ఇక ఇంటికి రావాలి కదా, అన్నల ఓడలు దీవి రేవులోనే ఉంటే అవెక్కి వచ్చారు. కోట ద్వారానికి మామిడాకులు కట్టారు, భేరీలు మోగుతున్నాయి, ఊరు ఊరంతా వీధుల్లో ఉంది. రాజు ఏనుగు మీద ఎదురొచ్చాడు. పెద్దకొడుకులిద్దర్నీ చూసి ఆనందం పట్టలేక "నా వీరులు వచ్చారు! ఎలా గెలిచారో చెప్పండి నాయనా!" అని అరిచాడు.

జయధరుడికి ముచ్చెమటలు పోశాయి. గెలిచానని చెబితే పోయేదేమీ లేదు, కువలయుడు కాదనేవాడు కాదు. వాడు అలాంటివాడే. జయధరుడు తమ్ముడి చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. ఊరందరి ఎదుటా తలెత్తి చెప్పాడు.

"గెలవలేదు నాన్నగారూ. నేను ఓడిపోయాను. ఒక్కసారి ఓడి రాయైపోయాను. తమ్ముడు మూడుసార్లు ఓడి నన్ను తీసుకొచ్చాడు."

"నేనూ ఓడిపోయాను నాన్నగారూ" అన్నాడు బలధరుడు.

భేరీలు ఆగిపోయాయి. రాకుమారుల నోట ఆ మాట ఊళ్ళో ఎవరూ ఎన్నడూ వినలేదు. రాజు ఏనుగు దిగాడు. కిరీటం తీసి భటుడి చేతికిచ్చాడు. కొడుకుల దగ్గరికి నడిచి వచ్చి, ఇద్దరి మొహాలూ తడిమి చూసుకున్నాడు.

"మీరు కాదురా ఓడింది, నేను. మీకు దెబ్బ తగలకూడదని మీ కాళ్ళకింద పరుపులు పరిచాను. నేలమీద నడవడం మీకు రాకుండా చేసింది నేనే. ఎక్కడ తప్పానో ఈ పసివాడి వల్ల తెలిసింది" అని కువలయుణ్ణి గుండెకి హత్తుకుని, ఊరంతా చూస్తుండగా చంటిపిల్లాడిలా ఏడ్చాడు. అన్నాళ్ళూ అబద్ధంగా వెల్లకిలా పడిన వస్తాదు కూడా పక్కనే నిలబడి, ఉత్తరీయంతో కళ్ళొత్తుకున్నాడట.

మంచి ముహూర్తం చూసి కేతకికీ కువలయుడికీ పెళ్ళి చేశారు. పెళ్ళిలో పెద్దముత్తయిదువ ఎవరో వేరే చెప్పాలా? గుర్రాలశాలలోంచి పల్లకీ మీద వచ్చింది. అన్నలిద్దరూ బోయీలుగా మోశారు. కువలయుడు రాజై, కేతకి రాణియై, అన్నలిద్దరూ కుడిభుజం ఎడమభుజమై చాలా ఏళ్ళు చల్లగా ఏలారు. వాళ్ళ ఏలుబడిలో పంట ఎండినవాడూ ఓడ మునిగినవాడూ తిన్నగా సభకే వచ్చేవారు. రాజు సింహాసనం దిగి ఎదురెళ్ళి, కాళ్ళకి నీళ్ళిచ్చి, పక్కన కూర్చోబెట్టుకుని "చెప్పు నాయనా, ఏం జరిగింది?" అని అడిగేవాడు.